కనబడని తరగతిలో గణిత బోధన

తెలుగు చెప్పుకొని బ్రతుకువానికి గణిత బోధనతో ఏమి పని అని పాఠకులు అడుగవచ్చును. అడుగుట న్యాయమే. కాని ఒక బోధన పద్ధతి మంచిదో చెడ్డదో తేల్చవలెనన్నచో దానిని గణితముపై ప్రయోగించి చూచుటకు మించిన పరీక్ష లేదని నా అభిప్రాయము. పద్యభావము సగము తెలిసిన విద్యార్థి ఆ సగమునే నాలుగు వాక్యములుగా పెంచి వ్రాసి గట్టెక్కగలడు. మాకు మార్కులు వేయక తప్పదు. గణితమున అట్టి వెసులుబాటు లేదు. భిన్నములు రానివానికి సమీకరణములు రావు. సమీకరణములు రానివానికి కలన గణితము అందదు. ఇతర శాస్త్రములలో బోధనలోని లోపము సంవత్సరాంత పరీక్ష వరకు దాగియుండవచ్చును. గణితమున అది మూడవ వారముననే తలయెత్తును. అయితే అది తలయెత్తినప్పుడు చూచువాడొకడు ఉండవలెను. తరగతి కంటికి కనబడనప్పుడు ఆ చూచువాడెవడు? ఈ వ్యాసమున విచారింపదలచినది ఇదియే.

ఇది మన కళాశాలలకు దూరపు ముచ్చట కాదు. 2003లోనే ఐ.ఐ.టి.లును, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థయు కలిసి ఎన్.పి.టి.ఇ.ఎల్. అను పేర తమ అధ్యాపకుల ఉపన్యాసములను దేశమందలి విద్యార్థులకు అందించు కార్యమును చేపట్టినవి. 2017లో కేంద్ర ప్రభుత్వము ‘స్వయం’ అను ఆన్‌లైన్ వేదికను ప్రారంభించెను. ఒక సెమిస్టరులో నూటికి 20 పాళ్ల వరకు చదువును ఆ వేదిక ద్వారా పూర్తి చేయవచ్చునని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2016లో నిబంధన చేసియుండెను. 2021 నాటి నిబంధనలు దానిని నూటికి 40 పాళ్లకు పెంచినవి. అనగా కళాశాల అంగీకరించినచో, అయిదు విషయములు చదువవలసిన బాలుడు రెండింటిని గురువు ముఖమెరుగకయే ముగింపవచ్చును. ఖాళీయైన అధ్యాపక పదవులు ఏండ్ల తరబడి నిండని కళాశాలలకు ఈ సౌకర్యము ఎంత ఆకర్షణీయమో వేరుగ చెప్పనక్కరలేదు. కావున, ఇట్టి బోధన ఫలించినదో లేదో కొలుచుట ఎట్లు అను ప్రశ్న మనకు అత్యవసరమైనది.

ఈ కొలత విషయమున అమెరికాలో జరిగిన ఒక ప్రయోగము నాకు మిక్కిలి బోధకముగ తోచినది. అది విఫల ప్రయోగమని పేరు పొందినది. ‘విఫలము’ అను ఒక్క మాటతో దానిని త్రోసివేయువారు దానిలోని పాఠమును కూడ త్రోసివేయుచున్నారని నా అనుమానము.

స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున సెబాస్టియన్ త్రున్ అను ఆచార్యుడు 2011లో కృత్రిమ మేధపై తాను చెప్పు పాఠములను ఆన్‌లైన్‌లో లోకమునకెల్ల ఉచితముగ తెరచి పెట్టెను. లక్షా అరువది వేలమంది పేర్లు వ్రాయించుకొనిరి. వారిలో కడవరకు నిలిచినవారు 20,000కు కొంచెము మించిరి. నిలువనివారిని గూర్చి ఆనాడు ఎవరును విచారింపలేదు. నిలిచినవారి సంఖ్యయే కన్నులు మిరుమిట్లు గొలిపెను. మరుసటి సంవత్సరము త్రున్ ‘ఉడాసిటీ’ అను సంస్థను స్థాపించెను. 2013 జనవరిలో కాలిఫోర్నియా గవర్నరు జెర్రీ బ్రౌన్ సమక్షమున, శాన్ హోసే రాష్ట్ర విశ్వవిద్యాలయమును ఈ సంస్థయు ఒక ఒడంబడిక చేసికొన్నవి. దాని ప్రకారము మూడు పాఠ్యక్రమములను ఆన్‌లైన్‌లో నడుపవలెను: కళాశాలలో చేరియు పాఠశాల గణితమున వెనుకబడినవారికి చెప్పు పునాది గణితము ఒకటి, కళాశాల స్థాయి బీజగణితము రెండవది, ప్రాథమిక సాంఖ్యక శాస్త్రము మూడవది. రుసుము పాఠ్యక్రమమునకు 150 డాలర్లు. అక్కడి మామూలు రుసుములతో పోల్చినచో ఇది మిక్కిలి స్వల్పము. మొత్తము మీద సుమారు 300 మందిని చేర్చుకొనిరి. పాఠములను రూపొందించినవారు ఆ విశ్వవిద్యాలయపు అధ్యాపకులే. సంస్థవారు వారికి తోడ్పడిరి.

ఉద్దేశము ఉదాత్తమైనదని ఒప్పుకొనవలెను. అక్కడ కళాశాలలో చేరిన వేలాది విద్యార్థులు పునాది గణితములోనే చిక్కుకొని, ముందుకు పోలేక, చదువు మానుచుండిరి. సామాన్య కళాశాలలలో గణిత తరగతులలో చోటు దొరకక కాచుకొనియున్నవారును కలరు. ఓక్లండు నగరమందలి ఒక ఉన్నత పాఠశాల పిల్లలను కూడ ఈ పాఠ్యక్రమములలో చేర్చిరి. బీదవారికి, వెనుకబడినవారికి చౌకగా మంచి చదువు అందవలెనన్నదే వారి ఆశ.

వసంతకాలపు ఫలితములు వచ్చినవి. ఉత్తీర్ణులైనవారు పునాది గణితమున నూటికి సుమారు 24 మంది. బీజగణితమున సుమారు 25 మంది. సాంఖ్యక శాస్త్రమున సగము. అదే విశ్వవిద్యాలయమున తరగతి గదిలో కూర్చుండి చదివినవారిలో పునాది గణితమున సుమారు 46 మందియు, బీజగణితమున 65 మందియు, సాంఖ్యక శాస్త్రమున 76 మందియు నెగ్గెడివారు. జూలైలో విశ్వవిద్యాలయము ఈ ప్రయోగమును తాత్కాలికముగ నిలిపినది. పత్రికలు ఆన్‌లైన్ బోధనకు చరమగీతము పాడినవి.

కథ ఇంతటితో ముగిసినచో చెప్పుకొనుటకు పెద్దగ ఏమియు లేదు. కాని ఆ వేసవిలో అవే పాఠ్యక్రమములను మరల నడిపిరి. వాని ఫలితములు కొన్ని వారముల తరువాత వెలువడినవి. సాంఖ్యక శాస్త్రమున నూటికి 83 మంది నెగ్గిరి! బీజగణితమున సుమారు 73 మంది. తరగతి గదిని మించిన ఫలితములివి. నిన్న చరమగీతము పాడినవారు నేడు మంగళహారతి పట్టవలసి వచ్చినది. మూడు నెలలలో బోధన అంతగా మారిపోయినదా? కొన్ని సవరణలు జరిగిన మాట నిజమే. అయితే అంతకన్న ముఖ్యముగ మారినవారు విద్యార్థులు. వేసవిలో చేరినవారిలో ఇంచుమించు సగముమంది అంతకుముందే డిగ్రీ పుచ్చుకొన్నవారు. చదువు ఎట్లు చదువవలెనో తెలిసినవారు చదివి నెగ్గిరి. అందు వింతయేమున్నది?

పాఠకులు పునాది గణితమును మరచియుండరని తలచుచున్నాను. వేసవిలో దాని ఫలితము నూటికి సుమారు 30. ఇరువది నాలుగు ముప్పది అయినది, అంతే. కడమ రెండును ఆకాశమునకు ఎగసినను ఇది నేలను విడువలేదు. ఏ విద్యార్థుల కొరకై ఈ ఉద్యమమంతయు తలపెట్టబడెనో, ఆ విద్యార్థులు చదువు పాఠ్యక్రమము ఇదియే. మూడు అంకెలను కలిపి సగటు కట్టినవానికి ఈ సంగతి కనబడదు. సగటు అనునది కొన్ని సమయములలో మర్యాదస్థుడైన అబద్ధీకుడు.

ఆ యేడు సెప్టెంబరులో, అమెరికా జాతీయ విజ్ఞాన ప్రతిష్ఠానపు ద్రవ్యసహాయముతో తయారైన ఒక నివేదిక వెలువడినది. విద్యార్థి వయస్సు, జాతి, చదువుచున్న విషయము, సహాయ సౌకర్యములను వాడుకొన్నాడా లేదా అను వానినన్నిటిని పరిశీలించి, జయాపజయములతో అన్నిటికన్న ఎక్కువ సంబంధము గలది విద్యార్థి చేసిన కృషి అని అది తేల్చినది. ఇచ్చిన అభ్యాసములను చేసి పంపినవాడు నెగ్గెను, పంపనివాడు ఓడెను.

ఈ వాక్యమును చదివి, ‘చూచితిరా, బోధనలో లోపమేమియు లేదు, పిల్లలు సోమరులు’ అని తీర్పు చెప్పుట బహు సులభము. మన ఉపాధ్యాయుల గదులలో ఇట్టి తీర్పులు దినమున కొకటి చొప్పున వెలువడుచుండును. కాని ‘కృషి’ అన్న మాటను కొంచెము విప్పి చూడవలెను. ఓక్లండు పిల్లలలో కొందరికి ఇంట కంప్యూటరు లేదన్న సంగతి పాఠములు ప్రారంభమైన తరువాతగాని బయటపడలేదు. ఆ దినములలో వారు పంపని అభ్యాసములు లెక్కలో ‘కృషి లేమి’గానే జమకట్టబడియుండును. యంత్రము పంపనివానిని గుర్తించునేగాని, ఏల పంపలేదో అడుగదు. తరగతి గదిలో నాలుగు దినములు వరుసగా ఒక బాలుడు ఖాళీ పుస్తకముతో కూర్చున్నచో, అయిదవ దినమున ఎంతటి ఉదాసీనుడైన అధ్యాపకుడైనను, ‘ఏమిరా, ఒంట్లో బాగులేదా?’ అని ఒకమాట అడుగును. ఆ ఒక్క మాటకు నివేదికలలో పట్టిక లేదు.

త్రున్ ఆచార్యుడు ఆ సంవత్సరము నవంబరులో ఒక పత్రికతో మాటలాడుచు తమ సరకు నాసిదని ఒప్పుకొనెను. ఆ నిజాయితీని మెచ్చుకొనవలసినదే. అయితే, కష్టములలో నున్న ఇట్టి విద్యార్థులకు ఈ సాధనము తగినది కాదని కూడ ఆయన అభిప్రాయపడెను. పిమ్మట ఆయన సంస్థ ఉద్యోగ శిక్షణ వైపు మరలెను. మందు పనిచేయుటకు రోగి ఆరోగ్యవంతుడై యుండవలెనన్నట్లున్నది ఇది.

ఇక గణితమునకే ప్రత్యేకమైన చిక్కును గూర్చి చెప్పుదును. మన ప్రాచీన బీజగణితకారులు తెలియని రాశిని ‘యావత్తావత్’ అని పిలిచి, ‘యా’ అను తొలి అక్షరముతో గుర్తించెడివారు. నేనును వారి బాటనే పోయెదను. 3 − 2(యా − 4) అనుదానిని సూక్ష్మీకరింపుమని ప్రశ్న. సరియైన జవాబు 11 − 2యా. ఒక విద్యార్థి −5 − 2యా అని వ్రాసెను. రెండవవాడు యా − 4 అని వ్రాసెను. మూడవవాడు 7 − 2యా అని వ్రాసెను. యంత్రము మువ్వురకును ఒకే ఎర్రగుర్తు పెట్టును. కాని ఈ మువ్వురి తప్పులు మూడు. మొదటివానికి ఋణమును ఋణముచే గుణించినచో ధనమగునన్న సూత్రము పట్టుపడలేదు. రెండవవాడు ఎడమనుండి కుడికి చదువు అలవాటుతో, మూడులోనుండి రెండును ముందుగానే తీసివేసెను. మూడవవాడు కుండలీకరణములోని మొదటి పదమును మాత్రమే రెండుచే గుణించి, రెండవదానిని వదలెను. మువ్వురకును అదే పాఠమును మరల వినిపించినచో ఎవరి రోగమును కుదురదు. సంధి తప్పు విడదీసిన పిల్లవానికి మేము చేయు పనియు ఇట్టిదే: తప్పు అని కొట్టివేయుటకు ముందు, వాడు ఏ సూత్రమును ఎచ్చట తగిలించెనో చూతుము. ఆ చూపు జవాబు పత్రమున దొరకదు. చిత్తుకాగితమున దొరకును.

మంచి ప్రశ్నావళిని కూర్చినచో యంత్రము కూడ ఈ మూడు తప్పులను వేరుచేయగలదని నా గణిత మిత్రులు వాదింతురు. తప్పు జవాబులను ముందుగా ఊహించి, ఒక్కొక్కదానికి వేరువేరు వివరణ సిద్ధము చేయవచ్చునట. చేయవచ్చును. నేటి కృత్రిమ మేధ చేతివ్రాతను సైతము చదువుచున్నది. ఆ దారిని మూయవలెనని నేననను. అయితే తప్పు ఏదో తెలియుట వేరు, తప్పు చేసి సిగ్గుపడి కూర్చున్నవానిని మరల బల్ల దగ్గరకు రప్పించుట వేరు. శాన్ హోసేలో సహాయము లేకపోలేదు. దానిని వాడుకొనవలసినవారిలో పెక్కుమంది వాడుకొనలేదు. సహాయము అడుగుటకు ధైర్యము కావలెను; వెనుకబడినవానికి లేనిది ముఖ్యముగ అదియే.

ఇచ్చట కొందరు రామానుజన్ పేరెత్తుదురు. కుంభకోణమున 1903లో కార్ అను ఆంగ్లేయుడు వ్రాసిన గణిత సంగ్రహ గ్రంథమొకటి ఆ బాలుని చేతికి చిక్కినది. దానిలో వేలకొలది ఫలితములు, చాలవరకు ఉపపత్తులు లేకుండ, వరుసగా పేర్చబడియున్నవి. ఆ పుస్తకమే గురువై ఆయనను మహా గణితవేత్తను చేసినదందురు. నిజమే కావచ్చును. కాని ఆ పుస్తకము ఎందరి చేతులలో పడలేదు? వారందరును ఏమైరి? అంతేకాదు, అదే రామానుజన్ ఇతర విషయములలో తప్పి కళాశాలలో విద్యార్థి వేతనమును పోగొట్టుకొనెను. గ్రంథమును రామానుజన్‌తో కొలువరాదు; లక్షా అరువది వేలమందిలో నిలిచిన ఇరువది వేలమందితో ఉపన్యాసమును కొలువరాదు. ఎక్కడ ఎవరు ఆగిపోయిరో ఆ చోటులను లెక్కించిననాడే అది కొలత అగును.

గురువు ఎదుట లేని చదువు తెలుగువారికి కొత్తది కాదు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చినది గ్రంథము గురువుకన్న దూరము పోగలదనియే గదా! అయినను వీథిబడిలో ఆ గణితమును ఇసుకలో దిద్దించుటకు పంతులొకడు ఉండెను. మన కాలములో, 1982లో హైదరాబాదున దేశమందలి తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసినది. నేడది అంబేద్కరు పేరుతో నున్నది. అచ్చు పాఠములను ఇంటికి పంపి ఊరకుండక, అది ఊరూర కళాశాలలలో అధ్యయన కేంద్రములను ఏర్పరచి, సెలవు దినములలో అధ్యాపకులను కూర్చుండబెట్టి విద్యార్థుల సందేహములు తీర్చు పద్ధతి పెట్టినది. ఎన్ని కేంద్రములలో ఎంత చక్కగా జరిగినదను చర్చ వేరు. పాఠము ఇంటికి పోయినను విద్యార్థి ఎక్కడో ఒకచోట మనిషిని కలిసికొనవలెనని దానిని నిర్మించినవారికి తెలియును. ఎలక్ట్రానిక్ పరికరములు చేతికి వచ్చిన తరువాత మనము మరచినది ఈ అధ్యయన కేంద్రమునే.

2020 మార్చిలో మహమ్మారి వలన మన కళాశాలలన్నియు మూతపడినప్పుడు ఈ మరపునకు మూల్యము తెలిసివచ్చినది. బోధన టెలిఫోనులోనికి దూరినది. ఇంటికి ఒకే ఫోను. దానిని తండ్రి పనికి తీసికొనిపోవును. అన్నకొక పాఠము, చెల్లెలికొక పాఠము. ఫోను దొరికినను సంకేతము అందక మేడ మీదనో చెట్టు క్రిందనో నిలుచుండవలెను. తెలుగు పాఠమైనచో చెవితో వినియైనను కొంత గ్రహింపవచ్చును. లెక్కను చెవితో వినుట ఎట్లు? నల్లబల్లపై ఒక పంక్తి తరువాత ఒక పంక్తి రూపు దిద్దుకొనుట చూడవలెను; చూచి తన చేతితో వ్రాయవలెను. హాజరు పట్టీలో అరువది పేర్లు కనబడెడివి. ఆ పేర్ల వెనుక ఎందరు మనుష్యులుండిరో చెప్పగలవారు లేరు.

ఆ దినములలో నాతో పనిచేయు గణితోపన్యాసకుడొకరు చేసిన ఏర్పాటు ఒకటి చెప్పుకొనదగినది. ఆయన పాఠము అరగంటకు తగ్గించెను. పాఠమైన పిమ్మట రెండే లెక్కలు ఇచ్చి, జవాబులు తనకు అక్కరలేదనియు, చిత్తుకాగితమును ఫొటో తీసి రాత్రి లోపల వాట్సాప్‌లో పంపవలెననియు నియమము పెట్టెను. కొట్టివేతలు ఉండవలెను, శుభ్రముగ మరల వ్రాసి పంపినచో ఒప్పుకొనరు. మొదట పిల్లలు నవ్విరి. పిమ్మట అలవాటుపడిరి. ఆయన వద్ద ఒక పొడవాటి నోటుపుస్తకముండెడిది. ఎడమ ప్రక్క పేర్లు, పైన తేదీలు. ప్రతి గడిలోను ఆ బాలుని లెక్క ఏ మెట్టు దగ్గర ఆగినదో ఒకటి రెండు మాటలు. వరుసగా రెండు గడులు ఖాళీగ నున్నచో మూడవనాడు ఆయనయే ఫోను చేసెడివారు. ఒక బాలిక గడులు అట్లే ఖాళీయైనవి. ఫోను చేయగా, తల్లితో కలిసి మిరపకోతకు పోవుచున్నదని తెలిసినది. ఆమెకు మాత్రము రాత్రి తొమ్మిదింటికి లెక్కలు పంపుట మొదలుపెట్టిరి. ఆ బాలిక పరీక్ష నెగ్గినది. అటువంటి ఫోనుకు అందనివారును కొందరు కలరు. వారి వరుసలు ఆ పుస్తకమున చివరి వరకు ఖాళీగనే యున్నవి. ఆ ఖాళీ వరుసలను ఆయన చింపివేయలేదు, పేర్లను కొట్టివేయలేదు.

నా దృష్టిలో ఆ నోటుపుస్తకము శాన్ హోసే నివేదికకు తీసిపోని మూల్యాంకనము. నివేదిక పాఠ్యక్రమము ముగిసిన తరువాత, పంపినవారు ఇందరు, పంపనివారు ఇందరు అని చెప్పినది. ఈ పుస్తకము మూడవనాడే చెప్పినది. అయితే ఇందొక చిక్కు కలదని ఒప్పుకొనక తప్పదు. అరువది చిత్తుకాగితములు చూచుటకు ఆయనకు రాత్రి రెండు గంటలు పట్టెడిది. మూడు వందలమందిని ఒక్క అధ్యాపకుడు ఇట్లు చూడలేడు. లక్షమంది మాట తలపెట్టనే పనిలేదు. ఆన్‌లైన్ బోధన చౌకయను మాట పాఠమును పంపుట వరకే నిజము. పాఠమును అందుకొన్నాడో లేదో చూచుట ఏనాడును చౌక కాదు. తరగతి గదిలోను కాదు. ఆ ఖర్చును మానుకొని మిగిల్చిన సొమ్మునే మనము ‘పొదుపు’ అనుచున్నాము.

స్వయం వేదికపై ఎన్.పి.టి.ఇ.ఎల్. నడుపు పాఠ్యక్రమములలో వారము వారము అభ్యాసములుండును. పండ్రెండు వారముల పాఠ్యక్రమమున, వానిలో మేలైన ఎనిమిదింటి సగటునకు నూటికి 25 పాళ్లు, పరీక్షా కేంద్రమునకు పోయి వ్రాయు కడపటి పరీక్షకు 75 పాళ్లు. అభ్యాసములలో పెక్కు జవాబును ఎన్నుకొను ప్రశ్నలు. వానిని దిద్దునది యంత్రము. ఉపన్యాసములు చెప్పువారు దేశమున పేరుపొందిన ఆచార్యులు; వారి పాఠములను నేను రెండు మూడు విని, నాకు గణితము రాకపోయినను ఆనందించితిని. లోపము వారిలో లేదు. ఆ పాఠమును చూచుచున్న మన ఊరి బాలుడు నాలుగవ వారమున ఆగిపోయినప్పుడు, ఆ సంగతి తెలిసికొను బాధ్యత ఎవరిదను ప్రశ్నకు సమాధానము ఆ వేదికలో దొరకదు. అది అతడు పేరు వ్రాయించుకొన్న కళాశాలలో దొరకవలెను.

కావున కళాశాలలు గణితమును ఈ విధముగ చదువుటకు అనుమతించునప్పుడు, కాలపట్టికలో దానికొక గంటను వారమునకు ఒకమారైనను ఉంచుట అవసరము. ఆ గంటలో ఎవరును ఉపన్యాసము చెప్పనక్కరలేదు. ఒక గణితాధ్యాపకుడు ఉండవలెను. పిల్లలు తమ చిత్తుకాగితములతో వచ్చి కూర్చుండవలెను. ఆ గంట అధ్యాపకుని పనిభారములో లెక్కకు రావలెను, లేనిచో రెండవ నెలలోనే అది కాగితము మీది గంటగా మిగులును. ఫలితములు ప్రకటించునప్పుడు ఉత్తీర్ణుల శాతముతో పాటు, ఏ వారమున ఎందరు ఆగిపోయిరో ఆ సంఖ్యలను కూడ నోటీసు బోర్డుపై అంటించుట మంచిది. పునాది లేనివారి సంఖ్యను, పునాది యున్నవారి సంఖ్యను కలిపి సగటు కట్టరాదు.

మహమ్మారి తగ్గి కళాశాలలు తెరచినను నా సహోద్యోగి ఆ నోటుపుస్తకమును మూయలేదు. ఇప్పుడు పిల్లలు ఎదుటనే కూర్చుందురు, ఫొటోలతో పనిలేదు. అయినను ప్రతి శుక్రవారము చిత్తుకాగితములు ఆయన బల్లమీదికి చేరుచున్నవి. తరగతి గదిలో కూడ మూడవ వరుస దాటినచో తనకేమియు కనబడదని ఈ పుస్తకము పెట్టిన తరువాతనే తెలిసినదని ఆయన అనుచుండును.